మోకాలు మార్చాక ‘బాగుంది’ అనేదాకా

మోకీలు మార్పిడి చేయించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు ఏడాది గడిచాక కూడా పెదవి విరుస్తున్నారు. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో 1,703 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన లెక్క ఇది. అందులో 19 శాతం మంది తృప్తిగా లేరు. పోనీ వీళ్ల ఆపరేషన్లన్నీ చెడిపోయాయా అంటే అదీ కాదు. ఎక్స్‌రేలో వంక పెట్టడానికేమీ ఉండనివాళ్లూ ఈ గుంపులో ఉంటారు. ఆపరేషన్‌కు ముందు పెట్టుకున్న ఆశ తీరకపోవడమే వాళ్ల అసంతృప్తికి అన్నిటికంటే పెద్ద కారణం. ఆశ తీరనివాళ్లు అసంతృప్తిగా మిగిలిపోయే అవకాశం పది రెట్లకు పైగా ఎక్కువని అక్కడే తేలింది.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో తుంటి, మోకీలు మార్పిడి చేయించుకున్న 4,709 మంది మీద ఇంకో బృందం 2013లో ఇలాంటి పరిశీలనే ప్రచురించింది. తృప్తిని తేల్చేవాటిలో మూడు ముందు వరసలో నిలిచాయి. ఆశించింది దక్కిందా, నొప్పి తగ్గిందా, ఆస్పత్రిలో గడిపిన రోజులు ఎలా గడిచాయి. మూడోదాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఆపరేషన్ బాగా జరిగితే చాలదా, నర్సు ఎలా మాట్లాడితే ఏంటి అనుకుంటారు. ఏడాది తర్వాత రోగి వేసే మార్కుల్లో ఆ నర్సు మాటకూ వాటా ఉంది.

పరికరం గురించి పెద్దగా చింత అక్కర్లేదు. ఇప్పుడు అమరుస్తున్న మోకీళ్లకు మూలం 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్, భారత సంతతి సర్జన్ చిత్తరంజన్ రణావత్, ఇంజినీరు పీటర్ వాకర్ కలిసి తెచ్చిన టోటల్ కాండైలర్ మోకీలు. పూర్తి మోకీలు మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. లోహం పాతికేళ్లు మన్నుతుంటే మనిషి మాత్రం ఏడాదికే నిట్టూరుస్తున్నాడంటే, లోటును లోహంలో వెతికి లాభం లేదు.

సర్జన్ కత్తి పట్టేది ఒక్కో మోకాలికి గంట, గంటన్నర. తృప్తిని తయారుచేసే పని మాత్రం ఓపీ గదిలో మొదలై ఏడాది చెకప్ దాకా సాగుతుంది. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, బిల్లింగ్ కౌంటర్లో కుర్రాళ్లు, ఇంట్లోవాళ్లు అందరూ అందులో చెయ్యి వేస్తారు. ఆ పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా చేయాలో చూద్దాం.

సంతకానికి ముందు

“గుజ్జు అరిగిపోయిందమ్మా, చిప్పలు మార్చాల్సిందే.” మన దగ్గర చాలా ఆపరేషన్లు ఈ ఒక్క మాటతో ఖాయమైపోతాయి. చేయించుకున్న పక్కింటావిడ చకచకా నడిచేస్తోందన్న కబురు దానికి తోడవుతుంది. ఈ మనిషికి ఇప్పుడు ఆపరేషన్ అవసరమా అన్నది మొదట తేల్చుకోవాలి. ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతూ, రాత్రిళ్లు నొప్పికి నిద్రపట్టక, వీధి చివరిదాకా పోలేక, మాత్రలు, వ్యాయామం, బరువు తగ్గడం అన్నీ చూసేసినవాళ్లకు ఇది నిజంగా కొత్త జీవితం. అరుగుదల కొద్దిగానే ఉండి నొప్పి మాత్రం విపరీతంగా ఉన్నవాళ్లలోనే తర్వాత అసంతృప్తి ఎక్కువ. అలాంటివాళ్ల నొప్పి నడుములోంచో తుంటిలోంచో దిగుతోందేమో చూడాలి. తుంటి చెడితే నొప్పి మోకాల్లో తెలిసేవాళ్లు కొందరుంటారు. దిగులు, ఆందోళన ఉన్నాయేమో కూడా కనుక్కోవాలి. నడుము నరం నొక్కుకుని వచ్చే నొప్పి మోకాలు మారిస్తే పోదు గదా.

అవసరమేనని తేలాక కూర్చుని మాట్లాడాలి. ఇక్కడ పావుగంట మిగుల్చుకున్న ఆస్పత్రి ఆ తర్వాత ఏడాదంతా దానికి వడ్డీ కడుతుంది. “ఎక్కడ నొప్పి?” అని అందరూ అడుగుతారు. “మళ్లీ ఏం చేయాలనుంది?” అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా “అందరిలా నడిస్తే చాలు బాబూ” అన్న జవాబే వస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకొంచెం తవ్వితే సంభాషణ ఇలా నడుస్తుంది:

“నడిచి ఎక్కడికెళ్లాలమ్మా?”

“ఎక్కడికేముంది, పొద్దున్నే పాలకేంద్రానికి. కార్తీకంలో గుడికి. శ్రావణమాసం వస్తే వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చోవాలి గదా మరి.”

“పీట మీదంటే కష్టమమ్మా. కుర్చీ వేసుకుని చేసుకోవాలి.”

“కుర్చీలోనా? అదేం పూజ బాబూ!”

ఈ “అదేం పూజ” ఆపరేషన్‌కు ముందే బయటికి రావాలి. ఆర్నెల్ల తర్వాత వస్తే డాక్టర్ మోసం చేశాడన్న అర్థంలో వస్తుంది. మార్చిన మోకీలు మామూలుగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీలోంచి లేవడానికి, మెట్లెక్కి దిగడానికి, ఆటో ఎక్కడానికి అది చాలు. గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేయడానికి ఇంకా బాగా వంగాలి. ఆపరేషన్‌కు ముందు మోకాలు బాగా వంగేవాళ్లకు తర్వాత కూడా కాస్త ఎక్కువ వంపు వస్తుంది. ముందే బిగుసుకుపోయినవాళ్లకు అంత రాదు. కరపత్రాల్లో ఘనంగా చెప్పే హై ఫ్లెక్స్ రకాలు మామూలువాటికంటే ఇచ్చే అదనపు వంపు పెద్దగా ఏమీ లేదని రెండిటినీ పోల్చిన పరిశోధనలు చెబుతున్నాయి. కింద కూర్చునే దేశంలో ఈ ఒక్క విషయం విడమరిచి చెబితే సగం ఫిర్యాదులు పుట్టవని నా నమ్మకం.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. కుట్టుకు బయటి పక్కన అరచేతి వెడల్పున చర్మం మొద్దుబారుతుంది. నడుస్తుంటే లోపల టక్‌మని చప్పుడు వినబడవచ్చు. మోకాలు కొన్ని నెలలపాటు వెచ్చగా, కాస్త వాచి ఉంటుంది. మొదటి ఆరు వారాలు పాత నొప్పే నయమనిపించవచ్చు, రాత్రిళ్లు నిద్ర చెదురుతుంది. మెరుగుదల ఏడాదిదాకా మెల్లగా వస్తూనే ఉంటుంది. మెల్లగా అన్న మాటను రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

ఇవన్నీ రోగి మాటల్లోనే ఒక కాగితం మీద రాసివ్వాలి. తప్పక దక్కేవి, దక్కితే దక్కేవి, వదులుకోవాల్సినవి విడివిడిగా ఉండాలి. ఇంటికెళ్లాక కొడుకో కోడలో చదివి వినిపించాలి. అంగీకార పత్రం ఈ పని చేయదు. దాన్లో ప్రాణాపాయం గురించి ఉంటుంది, పీట గురించి ఉండదు.

డబ్బు మాట కూడా ఇప్పుడే తేలాలి. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. అంతకుముందు సగటున లక్షన్నర దాటి ఉన్న కోబాల్ట్ క్రోమియం మోకీలు జీఎస్టీ కాకుండా ₹54,720కి దిగింది. అయితే ఆ ధర ఇంప్లాంట్ ఒక్కదానికే. గది, థియేటర్, మత్తు డాక్టర్, మందులు, ఫిజియోథెరపీ అన్నీ కలిపి ప్యాకేజీ వేరుగా ఉంటుంది. ప్యాకేజీలో ఏమేమున్నాయి, ఏమేం లేవు అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. వాకర్, డ్రెస్సింగులు, రక్తం, అదనపు రోజుల గది అద్దె, ఈ నాలుగింటి దగ్గరే తర్వాత గొడవలవుతాయి.

ఇక్కడే ఇంకో పని మిగిలి ఉంది, కొలవడం. 1998లో తయారైన ఆక్స్‌ఫర్డ్ మోకాలి స్కోరులో 12 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 48. ఒంటి మీద నీళ్లు పోసుకుని తుడుచుకోవడం ఎంత కష్టం, కారెక్కి దిగడం ఎలా ఉంది, భోజనం చేసి కుర్చీలోంచి లేస్తుంటే ఎంత నొప్పి, సొంతంగా బజారుకెళ్లి సరుకులు తేగలరా, ఇలా రోజువారీ సంగతులే అడుగుతుంది. ఇంగ్లాండ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2009 ఏప్రిల్ నుంచి ప్రతి తుంటి, మోకీలు రోగినీ ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆర్నెల్ల తర్వాత ఒకసారి ఇలా అడుగుతున్నారు. మన దగ్గర ఆ పన్నెండుకు బాసింపట్టు గురించి, బాత్‌రూమ్ గురించి ఇంకో రెండు ప్రశ్నలు చేర్చుకోవాలి. ముందు స్కోరు రాసి పెట్టుకోకపోతే తర్వాత ఎంత బాగుపడిందో చెప్పడానికి ఆధారముండదు. మనిషి తన పాత నొప్పిని తొందరగా మర్చిపోతాడు.

ఇల్లూ ఒళ్లూ

ఒంటి సంగతి ముందు. మూడు నెలల షుగర్ సగటు అదుపులోకి రాకుండా తొందరపడితే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. పుచ్చుపళ్లు, మూత్రంలో మంట, కాలి మీద పుండు ఏవున్నా ముందు నయం చేసుకోవాలి. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఏది ఎన్నాళ్ల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగాలి. సొంతంగా ఆపకూడదు. తొడ కండరానికి వ్యాయామం ఇప్పుడే మొదలుపెడితే, ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెప్పేది కొత్తగా అనిపించదు. పొగ మానేయాలి.

ఇంటి విషయంలో ఆస్పత్రులు ఏదో ఒక కరపత్రం చేతిలో పెట్టి ఊరుకుంటాయి. దానికంటే ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో వీడియో తీయించి చూడటం మంచిది. గడప ఎంత ఎత్తుంది, బాత్‌రూమ్‌లోకి వాకర్ పడుతుందా, మంచం ఎంత కిందికుంది, వాకిట్లో పట్టా జారుతుందా, అన్నీ ఒక్క నిమిషంలో తెలిసిపోతాయి. వెస్ట్రన్ కమోడ్ లేకపోతే కుర్చీ కమోడ్ తెచ్చుకోవాలి. మేడ మీద ఉండేవాళ్లు మొదటి వారాలు కింద గదిలోకి దిగితే సుఖం. ఆపరేషన్ అయ్యాక ఈ పనులన్నీ కోడలి నెత్తిన పడతాయి. ఆమె విసుగు కూడా రోగి అసంతృప్తిలో కలిసిపోతుంది. అందుకే ఆస్పత్రి ఇచ్చే సూచనలు రోగికి ఎంత అర్థమయ్యాయో చాకిరీ చేసేవాళ్లకూ అంతే అర్థం కావాలి.

మొదటి పగలు, మొదటి రాత్రి

ఆపరేషన్ రోజు తిట్లన్నీ ఆకలి దగ్గర మొదలవుతాయి. “రాత్రి పన్నెండు నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దు” అని చెబుతారు. పొద్దున పదింటి కేసు మధ్యాహ్నం రెండింటికి జరుగుతుంది. షుగర్ మనిషి పెదాలు ఎండిపోయి ట్రాలీ మీద పడి ఉంటుంది. ఇప్పటి మత్తు వైద్యం తేలికపాటి ఆహారాన్ని ఆరు గంటల ముందుదాకా, తేటనీళ్లను రెండు గంటల ముందుదాకా చాలామందికి అనుమతిస్తుంది. మీ ఆస్పత్రిలో ఏం పాటిస్తున్నారో అడగండి. కేసు వెనక్కి జరిగితే ఆ సంగతి వార్డుకు ఫోన్ చేసి చెప్పడం, తాగొచ్చంటే ఓ గ్లాసు నీళ్లివ్వడం పైసా ఖర్చులేని పనులు.

థియేటర్లో జరిగేది క్లుప్తంగా చెబుతాను. చాలామందికి నడుములో మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కోతకు ముందు గంటలోపు యాంటీబయోటిక్ ఎక్కిస్తారు. రక్తం తక్కువ పోయేలా ట్రానెగ్జామిక్ ఆసిడ్ ఇస్తారు. అరిగిన తొడ ఎముక చివర, కింది ఎముక పైభాగం పలచగా కోసి లోహపు తొడుగులు సిమెంటుతో అతికిస్తారు. మధ్యలో పాలిథిలీన్ పలక ఉంటుంది. చిప్ప వెనక భాగాన్ని మార్చాలా వద్దా అన్నది సర్జన్ ఇష్టం. బయట కూర్చున్నవాళ్లకు అసలు కావలసింది గంటకోసారి ఎవరో ఒకరు వచ్చి “మొదలైంది”, “అయిపోతోంది”, “రికవరీలో ఉంది” అని చెప్పడమే.

తర్వాత వచ్చే రాత్రినే నేను ఈ మొత్తంలో కీలకమనుకుంటాను. సాయంత్రం రోగి ఉత్సాహంగా ఉంటుంది. కాళ్లు మొద్దుగా ఉంటాయి, నొప్పి తెలియదు, వచ్చినవాళ్లందరితో “ఏమీ లేదు, చీమ కుట్టినట్టుంది” అంటుంది. వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో విడుస్తుంది. తొడ దగ్గర ఇచ్చిన నరాల బ్లాక్ మర్నాటిదాకా ఉండొచ్చు. అది వదిలే వేళకు నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అప్పటికి లైట్లార్పేసి ఉంటారు. ఒక నర్సుకు బోలెడు మంచాలు. బెల్ కొడితే ఎవరూ రారు, వచ్చినా “ఆపరేషన్ అయితే నొప్పుండదా అమ్మా” అంటారు.

దీనికి రెండు మందులు. ఒకటి నిజం మందు. నొప్పి వచ్చాక పరిగెత్తడం కాకుండా గడియారం చూసి ముందే వేసేయాలి. పారాసెటమాల్ వేళ తప్పకుండా ఇవ్వాలి. కిడ్నీలు బాగుంటే వాపు తగ్గించే మాత్ర ఒకటి చేర్చాలి. బ్లాక్ వదలకముందే మందు కడుపులో ఉండాలి. గట్టి మందు చివర్లో, కొద్దికొద్దిగా. రెండోది మాట. “రేపు పొద్దుటికి మొద్దుదనం పోతుంది, అప్పుడు నొప్పి పెరుగుతుంది, అది మామూలే, అప్పటికి ఈ మాత్ర వేసి ఉంచుతాను, పెరిగితే బెల్ కొట్టండి” అని సాయంత్రమే చెప్పిన నర్సు ఉన్న వార్డులో ఆ రాత్రి గోల తక్కువ.

నొప్పిని అడిగే తీరు కూడా చూడాలి. “సున్నా నుంచి పదిలో ఎంత?” అన్న పుస్తకపు ప్రశ్నకు చాలామంది పెద్దవాళ్లు “చాలా ఉంది” అంటారు, నర్సు ఎనిమిదని రాసుకుంటుంది. “నిన్నటి నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎంతమ్మా?” అని అడిగితే “పావలా తగ్గింది” అనో “పన్నెండణాలుంది” అనో ఠక్కున జవాబొస్తుంది. లెక్క చేతికందాక మందు సర్దడం తేలిక.

అడుగు

మంచం దిగడం వాయిదా వేయకూడదు. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ మొదలుపెట్టిన త్వరగా కోలుకునే పద్ధతి ఇప్పుడు మన పెద్ద ఆస్పత్రుల్లోనూ కనబడుతోంది. కుదిరితే ఆపరేషన్ రోజు సాయంత్రమే, లేదంటే మర్నాడు వాకర్ పట్టించి నాలుగడుగులు వేయిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. రోగికి ధైర్యం వస్తుంది. ఫిజియోథెరపిస్ట్ రావడానికి అరగంట ముందు నొప్పి మాత్ర పడాలి. ఈ ఒక్క సమన్వయం లేక “ఫిజియో పిల్లాడు ప్రాణం తీస్తున్నాడు” అన్న పేరు ఆ కుర్రాడికి అంటుకుంటుంది.

వంచడం మీద ఉన్న ధ్యాస చాచడం మీద ఉండదు. మోకాలు పూర్తిగా చాపకపోతే కుంటు పోదు. రోగికి హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టే ప్రేమగల బంధువులుంటారు. మెత్తగా చెప్పి ఆ దిండు తీయించాలి. మడమ కింద పెట్టుకుంటే మంచిదే.

ఎవరూ పైకి చెప్పని బాధ ఇంకొకటి ఉంది. మత్తు, గట్టి మాత్రలు, మంచం పట్టడం కలిసి విరేచనం బిగుస్తుంది. పరాయి మనిషి చేత బెడ్‌పాన్ పెట్టించుకోవాలంటే పెద్దవాళ్లకు చచ్చేంత మొహమాటం. అందుకని నీళ్లు తాగడం తగ్గించేస్తారు, దాంతో ఇంకా బిగుస్తుంది. మొదటి రోజునుంచే విరేచనం మెత్తబడే మందు, రెండో రోజుకల్లా వాకర్‌తో బాత్‌రూమ్‌దాకా తీసుకెళ్లే ఆయా ఉంటే చాలు. నడుము కింద జరిగే విషయాలను ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎవరూ రాయరు. కానీ మార్కులు వేసేటప్పుడు అవన్నీ గుర్తుకొస్తాయి.

డిశ్చార్జి రోజు

1996లో డోనాల్డ్ రెడెల్‌మయర్, డేనియల్ కానమన్ కొలనోస్కోపీ రోగుల మీద చేసిన ఒక పరిశోధన పేరు పొందింది. నొప్పి ఎంతసేపుందన్నది కంటే అత్యంత తీవ్రంగా ఉన్న క్షణం, చివరి క్షణాలు ఎలా ఉన్నాయన్నదే జ్ఞాపకంలో మిగులుతుందని అందులో తేలింది. మోకీలు రోగికి తీవ్ర క్షణం ఆస్పత్రిలో మొదటి రాత్రిది. చివరి క్షణాలు బిల్లింగ్ కౌంటర్లో గడుస్తాయి.

పొద్దున తొమ్మిదికి రౌండ్స్‌లో డాక్టర్ “ఇవాళ వెళ్లిపోవచ్చు” అంటారు. ఊళ్లోంచి కారు మాట్లాడుకుని వస్తారు. సమ్మరీ టైపవ్వాలి, ఫార్మసీ క్లియరెన్స్ రావాలి, బీమా వాళ్ల ఆమోదం రావాలి. సాయంత్రం ఆరైనా రోగి కాళ్లు వేలాడేసి వీల్‌చెయిర్‌లోనే ఉంటుంది. మార్చిన మోకాలు ఈలోగా వాచిపోతుంది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డిశ్చార్జి బిల్లు అందిన మూడు గంటల్లోపు బీమా కంపెనీ తేల్చాలి. ఆస్పత్రి తన కాగితాలు ముందురోజు సాయంత్రమే సిద్ధం చేస్తేనే ఆ మూడు గంటలకు అర్థం. తేలేదాకా రోగిని మంచం మీదే ఉంచాలి. రేపొచ్చే రోగి కోసం గది ఖాళీ చేయించే తొందరలో ఇవాళ్టి రోగిని వరండాలో కూర్చోబెడితే, వారంపాటు చేసిన మంచంతా ఆ వరండాలో పోతుంది.

పంపేముందు మందుల చీటీ ఒకటే ఇవ్వడం చాలదు. ఏ మాత్ర ఎన్నాళ్లు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర లేదా ఇంజెక్షన్ ఎప్పుడు ఆపాలి, కుట్లు లేదా క్లిప్పులు తీసే తేదీ (మామూలుగా రెండు వారాలకు), ఏం జరిగితే వెంటనే రావాలి, ఇవన్నీ నోటితో చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవాలి. వెంటనే రావాల్సిన సంకేతాలు ఇవి: పిక్కలో నొప్పి, వాపు, ఆయాసం, చలి జ్వరం, గాయం నుంచి చెమ్మ. చివరి దాని దగ్గర ఒక హెచ్చరిక. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే యాంటీబయోటిక్‌తో చెమ్మను నెట్టుకురాకూడదు. లోపలి ఇన్‌ఫెక్షన్ కప్పబడిపోయి తర్వాత గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఆపరేషన్ చేసినవాళ్లకే చూపించాలి.

ఫారం ఎప్పుడు ఇవ్వాలి

మన ఆస్పత్రుల్లో నవ్వుమొహాల ఫారం చేతికొచ్చేది సరిగ్గా ఈ వేళలోనే. పక్కనే నర్సమ్మ నిలబడి ఉంటుంది. కారు హారన్ కొడుతుంటుంది. కొడుకు గబగబా అన్నిటికీ ‘చాలా బాగుంది’ టిక్ పెట్టేసి రోగి వేలిముద్రో సంతకమో తీసుకుంటాడు. ఇంకా వారంపాటు డ్రెస్సింగ్‌కు ఇక్కడికే రావాల్సినవాళ్లు చెడ్డ మార్కులు ఎలా వేస్తారు? ఆస్పత్రికి నాణ్యతా గుర్తింపు కోసం రోగుల తృప్తిని కొలిచి చూపించాలి కాబట్టి ఫైల్లో ఫారాలుంటాయి. వాటిలో నిజం ఎంతుందో ఆస్పత్రి యజమానికీ తెలుసు.

అమెరికాలో ప్రభుత్వం అడిగించే సర్వే ఉంది, హెచ్‌క్యాప్స్ అంటారు. 2008 నుంచి ఆస్పత్రుల వారీగా ఫలితాలు బయట పెడుతున్నారు. 2012 చివరి నుంచి ఆస్పత్రికి వచ్చే డబ్బులో కొంత దాని మీదే ఆధారపడి ఉంది. రోగి ఇల్లు చేరిన 48 గంటల నుంచి ఆరు వారాల లోపు అడుగుతారు. ఆస్పత్రిలో ఉండగా ఫారం చేతికివ్వడం కుదరదు. ‘బాగుందా’ అని అడిగి ఊరుకోరు. నర్సులు మీకర్థమయ్యేలా ఎంత తరచుగా చెప్పారు, బాత్‌రూమ్‌కు సాయం కావాలంటే వెంటనే వచ్చారా, రాత్రి గది దగ్గర నిశ్శబ్దంగా ఉందా అని అడుగుతారు. ‘ఎల్లప్పుడూ’ అన్న జవాబే లెక్కలోకి వస్తుంది, ‘సాధారణంగా’ అంటే చాలదు.

అదీ లోపంలేని పద్ధతేం కాదు. నొప్పి ఎంత బాగా తగ్గించారన్న ప్రశ్నకు మార్కులుండటంతో, మార్కుల కోసం మత్తుమందు మాత్రలు ఎక్కువ రాస్తున్నారన్న భయం పుట్టింది. ముందు దాన్ని డబ్బు లెక్కల్లోంచి తీశారు. 2019కి నొప్పి ప్రశ్నలే సర్వేలో లేకుండా పోయాయి. ఫారం దేన్ని అడిగితే ఆస్పత్రి దాన్నే చేస్తుంది కాబట్టి ప్రశ్నలు రాసేవాళ్లు జాగ్రత్తగా రాయాలి.

మన దగ్గర చేయగలిగింది పెద్దదేం కాదు. ఆ వార్డుతో సంబంధంలేని మనిషి, తెలుగులో, ఇంటికెళ్లిన మూడో రోజున, రెండో వారంలో, ఆరో వారంలో ఫోన్ చేయాలి. కొడుకుతో మాట్లాడి పెట్టేయకుండా రోగికే ఫోన్ ఇప్పించాలి. “రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?”, “బాత్‌రూమ్‌కు ఎవరు తీసుకెళ్తున్నారు?”, “నిన్న వ్యాయామం చేశారా?” అని అడిగితే ఫిర్యాదులు వాటంతటవే బయటికొస్తాయి. రాసుకున్న ఫిర్యాదుకు రెండు రోజుల్లో జవాబు చెప్పే మనిషి పేరు కూడా రాసుండాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టిన ‘మేరా అస్పతాల్’ రోగిని ఎస్సెమ్మెస్ ద్వారా, ఫోన్ ద్వారా ఇంటి దగ్గరే అడిగే ఏర్పాటు. దారి అక్కడ ఉంది కాబట్టి ప్రైవేటు ఆస్పత్రులు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఆరు వారాలు, ఏడాది

రెండో, మూడో వారం బాగా దిగులుగా ఉంటుంది. పలకరించడానికి వచ్చే చుట్టాలు తగ్గిపోతారు, నొప్పి తగ్గదు, నిద్ర రాదు. “అనవసరంగా చేయించుకున్నానేమో” అన్న మాట వినబడేది అప్పుడే. ఆ సమయానికి ఫోన్ మోగాలి. ఆరు వారాలకు చాలామంది కర్ర మీదికో, కర్ర లేకుండానో వచ్చేస్తారు. అప్పటికీ మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే మాత్రం నాన్చకూడదు. మత్తిచ్చి వంచి సరిచేసే అవకాశం మొదటి మూడు నెలల్లోనే బాగుంటుంది.

తుంటి మార్చినవాళ్లు ఈ కష్టం ఇంత పడరు. వాళ్లలో తృప్తి పడేవాళ్ల శాతమూ మోకీలు వాళ్లకంటే ఎక్కువ. ఒకే వార్డులో తుంటి మనిషి మూడో రోజున హుషారుగా తిరుగుతుంటే పక్క మంచం మీది మోకీలు మనిషి తనకేదో తేడా జరిగిందనుకుంటుంది. రెండిటి దారులు వేరని చెప్పి ఉంచాలి.

ఆర్నెల్లకు, ఏడాదికి పాత ఆక్స్‌ఫర్డ్ ప్రశ్నలే మళ్లీ అడిగి, మొదట రాసిన కాగితం తీసి పక్కన పెట్టాలి. పాలకేంద్రానికి వెళ్తున్నారా, గుడి మెట్లెక్కారా, వ్రతం ఎలా చేసుకున్నారు అని ఒక్కోటీ అడగాలి. ఇంకా నొప్పి ఉందనేవాళ్లను “ఎక్స్‌రే బాగుంది, మీ భ్రమ” అని పంపించకూడదు. రక్తపరీక్షలు చేసి, అవసరమైతే కీలులోంచి నీరు తీసి ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. ఇంప్లాంట్ వదులైందేమో, పక్కకు ఒరిగిందేమో, నడుమూ తుంటీ ఏమంటున్నాయో చూడాలి. అన్నీ చూశాక కూడా కారణం దొరకనివాళ్లు కొందరుంటారు. వాళ్లకు కారణం తెలియకుండా రెండో ఆపరేషన్ చేస్తే లాభపడేవాళ్లు తక్కువ.

చివరగా ఇంట్లో దాచుకోవాల్సింది ఒకటుంది. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్లుంటాయి. ఆస్పత్రి వాటిని కేస్‌షీట్‌లో అతికిస్తుంది. వాటి కాపీ డిశ్చార్జి సమ్మరీతో పాటు అడిగి తీసుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పాలిథిలీన్ పలక అరిగితే, అదొక్కటే మార్చితే చాలా, మొత్తం విప్పాలా అని తేల్చుకునే సర్జన్‌కు మొదట కావలసింది ఆ స్టిక్కరే.